పెరటి ఉసిరిక

కార్తికమాసము వచ్చినంతనే మన యిండ్లలో ఉసిరికొమ్మకై వెదకులాట మొదలగును. క్షీరాబ్ధి ద్వాదశినాడు తులసికోటలో ఆ కొమ్మను నిలిపి పూజింతుము. వనభోజనమునకు ఆ చెట్టు నీడనే కోరుదుము. 2022 నుండి కోనసీమ జిల్లాలో చేరిన రామచంద్రపురమునందును ఆ కొమ్మను అంగడిలో వెలకు గొనువారు నేడు గలరు. పూజ నిలిచినది, చెట్టు ఏల దూరమైనది? ఆ చెట్టు నడచివచ్చిన త్రోవను శ్రోతలతో గూడి ఒకపరి చూతము.

ఉసిరిక పుట్టుకచే కొండల యడవులది. సంస్కృతమున దీనికి ఆమలకమనియు, ధాత్రి యనియు పేర్లు. చరకసంహితలో చెప్పిన చ్యవనప్రాశమునకు ఇదియే ప్రధానద్రవ్యము. అశోకావదాన కథలో, సర్వాధికారమును కోల్పోయిన చక్రవర్తి కడపట సంఘమున కర్పించినది సగము ఉసిరికాయ. ఆలంపురమున చాళుక్యులనాటి నవబ్రహ్మాలయముల శిఖరములపై గాడులు దీర్చిన గుండ్రని శిలకును ఆమలకమనియే పేరు.

ఇట్టి మెట్టచెట్టునకు డెల్టాలో చోటెట్లు దొరికినది? ఆర్థర్ కాటన్ దొర పర్యవేక్షణలో 1847లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి పూర్తియైనది. కాలువలు పారినకొలది ఈ సీమ వరిచేలతో నిండినది. నీరు నిలిచిన నేల ఉసిరికకు గిట్టదు. దానికి మిగిలినది ఇంటి పెరటిలోని మెరకయే. చేనిలో ఇమడని చెట్టును పెరటిలో నిలిపినది కార్తికపు ఆచారమే యని మేము తలంతుము. పెరడు కుదించుకొని పోయినచోట ఆ యాశ్రయమును తొలగిపోవును.

ఆంగ్లేయులు తమ చలిదేశపు గూస్‌బెర్రీ పేరును దీనికి తగిలించిరి గాని, ఆ రెండును వేరువేరు కుటుంబములవి. రాచఉసిరిక మాత్రము దీనికి దగ్గరి చుట్టము. సెంట్ జ్యార్జీ యను హంగరీ శాస్త్రజ్ఞుడు 1928లో వేరుచేసిన పదార్థమే తరువాత విటమిన్ సి యని తేలినది. ఉసిరికాయలో అది సమృద్ధిగా గలదు. ఆ పేరు పుట్టకమున్నే మన యిల్లాండ్రు ఉసిరికాయలను తొక్కి జాడీలలో నిలువచేసికొనుచుండిరి.

నాటదలచినవారు మెరకను, ఎండ తగులు చోటును చూచుకొనవలెను. గింజ మొలకకన్న అంటుమొక్క ముందుగా కాపునకు వచ్చును. ఒక్క సంగతి మరువరాదు: ఒకే రకపు అంటు ఒంటరిగా నున్నచో సరిగా కాయదు. పుప్పొడి యందించుటకు చకయ్య, ఎన్.ఎ.-7 వంటి రెండు రకములు దగ్గరగా నుండవలెను. చిన్న పెరటిలో రెండు చెట్లకు తావు లేకున్న, మీరొకటి, పొరుగువారొకటి నాటుకొనుడు. తేనెటీగలకు నడుమనున్న గోడ అడ్డుగాదు. వచ్చు కార్తికములలో కొమ్మయు, కాయయు రెండిండ్లకును దక్కును.