కావడి బద్ద చెప్పే చరిత్ర

బడిలో సరళ యంత్రాల పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉండే బొమ్మలు ఎప్పుడూ ఒకటే. పార్కులో పిల్లలు ఊగే సీసా బల్ల, జెండా కర్రకు కట్టిన గిలక, లారీలోకి పీపాలు దొర్లించే వాలు చెక్క. మన్యంలో పిల్లలు చాలామంది సీసా బల్ల ఎక్కి ఎరగరు. ఇదంతా పట్నం వాళ్ల విద్య కాబోలు అనుకుంటారు. అదే పిల్లల ఇంట్లో చూరులో గొడ్డలి, వసారాలో తిరగలి, గోడకు చేరేసిన కావడి బద్ద ఉంటాయి. పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. మన చరిత్ర కూడా కొంత అక్కడే ఉంది.

ముందు తిరగలి చూద్దాం. పిడి రాయి అంచున ఉంటుంది. అదే పిడిని నడిమి కీలకు దగ్గరగా దిగ్గొడితే చోళ్లు విసరడం ఎంత కష్టమో రెండు చుట్లకే తెలిసిపోతుంది. అంచున పట్టుకుంటే తక్కువ బలం చాలు, కానీ చెయ్యి పెద్ద చుట్టు తిరగాలి. గొడ్డలీ అంతే. దాని పదును లోతుగా దిగితేనే కట్టె కొంచెం పక్కకు విచ్చుకుంటుంది. గ్రీకు పండితుడు ఆర్కిమెడీస్ క్రీస్తుకు ముందు 3వ శతాబ్దంలోనే తులాదండం లెక్క చెప్పాడు. యంత్రం పనిని పుట్టించదని, బలం తగ్గితే ఆ మేరకు దూరం పెరుగుతుందని తేటగా వివరించినవాడు 1600 ప్రాంతంలో ఇటలీలో గెలీలియో. బలం తగ్గితే దూరం పెరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది. పిండి మర వచ్చి తిరగలి చాకిరి తప్పింది, మంచిదే. అయితే మర రోడ్డు పక్క ఊళ్లో ఉంటే, చోళ్ల మూట నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచేది మళ్లీ ఆడవాళ్లే.

కావడి సంగతి వేరు. అది బరువును తగ్గించదు. రెండు వైపులా కలిపి 30 కిలోలుంటే భుజం మీద 30 కిలోలూ పడతాయి. కానీ బరువు ఒంటికి సూటిగా నిలుస్తుంది, మనిషి ఒక పక్కకు వంగనక్కర్లేదు. వెదురు బద్ద అడుగు అడుగుకీ వంగి లేస్తుంది కాబట్టి కుదుపు తగ్గుతుంది. ఒక వైపు 20 కిలోలు, ఇంకో వైపు 10 కిలోలు ఉన్నాయనుకోండి. ఆరడుగుల బద్దను బరువు వైపు నుంచి రెండడుగుల దగ్గర భుజానికి ఆనిస్తే సరిగ్గా తూగుతుంది. 20 ఇంటూ 2, 10 ఇంటూ 4, రెండూ 40. కావడి మోసేవాడు ఈ లెక్క కాగితం మీద వెయ్యడు, బద్దను కొంచెం ముందుకు జరుపుకుంటాడు, అంతే.

ఆ కావడి సంతకు చేరాక షావుకారు చేతిలో ఉండేదీ ఒక రకం కావడే. దాన్ని తక్కెడ అంటాం. దండి నడుమ తాడు, రెండు చివర్ల రెండు పళ్లాలు. తాడు సరిగ్గా నడుమ ఉంటేనే అది న్యాయమైన తక్కెడ. దండి ఒక వైపు 10 అంగుళాలు, ఇంకో వైపు 9 అంగుళాలు ఉందనుకోండి. పొట్టి వైపు చింతపండు వేస్తే, 9 కిలోల రాళ్లకు 10 కిలోల చింతపండు తూగుతుంది. పది కిలోలకు ఒక కిలో పోయినట్టే. ఖాళీ తక్కెడ చూపించి సరిగ్గానే ఉందిగా అంటే నమ్మకండి, పొట్టి వైపు పళ్లెం కొంచెం బరువైనది కడితే ఖాళీగా ఉన్నప్పుడు అది సమంగానే నిలబడుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా సులువు. సరుకును రాళ్ల పళ్లెంలోకి, రాళ్లను సరుకు పళ్లెంలోకి మార్చి మళ్లీ తూయమనాలి. తేడా వస్తే దండి మోసం చేస్తున్నట్టే. దళారుల బారి నుంచి మనల్ని తప్పించాలని గిరిజన సహకార సంస్థను పెట్టింది 1956లో. అంతకు ముందు మన తాతలు ఎన్ని తక్కెడల దగ్గర ఎంత పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు.

కావడి మీద వెళ్లింది మన సరుకే కాదు. తెల్లదొరలు, తహసీల్దార్లు కొండలెక్కితే వాళ్ల సామాను మోయడం వెట్టి. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకు అడ్డం పడింది, అడవిలో మన హక్కులు పోయాయి. తర్వాత సర్కారుకు రోడ్డు కావలసి వచ్చింది.

రోడ్డు కూడా సరళ యంత్రమే. దాన్ని వాలు తలం అంటారు. మన కాలిబాట నిట్టనిలువుగా కొండెక్కుతుంది. దూరం తక్కువ, ఆయాసం ఎక్కువ. బండి ఆ బాటన ఎక్కలేదు. ప్రతి 20 అడుగులకు ఒక్క అడుగు లేచేలా దారి తొలిస్తే, రాపిడి సంగతి పక్కన పెట్టి చూస్తే, బండి బరువులో ఇరవయ్యో వంతు బలం చాలు. కానీ 1,000 అడుగుల ఎత్తెక్కడానికి 20,000 అడుగుల దారి, అంటే ఆరు కిలోమీటర్లు, కొండ చుట్టూ తొలవాలి. ఇందాక అనుకున్న దూరం ఇదే. ఎద్దుకు తగ్గిన కష్టం ముందుగా గునపం పట్టినవాడి మీద పడింది.

గూడెం ప్రాంతంలో ఆ గునపాలు పట్టింది మనవాళ్లే. డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి చింతపల్లి వైపు వేయించిన రోడ్డు పనికి జనాన్ని బలవంతంగా తోలాడు, న్యాయమైన కూలి ఇవ్వలేదు. గాం గంటందొర, గాం మల్లుదొర అన్నదమ్ములకు అతని మీద మంట. అల్లూరి సీతారామరాజు వెనక జనం నిలబడడానికి అడవి చట్టాలతో పాటు ఈ రోడ్డు కూలి కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. తుపాకులు 26 దొరికాయి. పుస్తకాల్లో తుపాకుల లెక్క ఉంటుంది, పిల్లలు బట్టీ పడతారు. గునపాల లెక్క మాత్రం కనబడదు. రోడ్డు తొలిచింది మనమైతే, దాని మీద ఎక్కింది మన ధాన్యం బస్తాలు కావు. సర్కారు మనుషులు, సర్కారు సామాను ఎక్కాయి.

2022 ఏప్రిల్‌లో ఆ వీరుడి పేరు మీద జిల్లా ఏర్పడింది. ఆ జిల్లాలోనే రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి నిండు చూలాలిని ఇప్పటికీ డోలీలో దింపుతున్నారు. డోలీ ఒక గెడ, రెండు భుజాలు. 50 కిలోల మనిషిని ఎనిమిది అడుగుల గెడకు సరిగ్గా నడుమ కడితే చెరి 25 కిలోలు. ముందువాడి వైపు ఒక్క అడుగు జరిగితే అతనికి 31, వెనకవాడికి 19. కొండ దిగేటప్పుడు మనిషి జోలెలో పల్లం వైపు జారుతుంది, బరువు ముందువాడి మీద పడుతుంది. అందుకే దిగుడు వచ్చిన చోటల్లా మనుషులు మారతారు.

టీచర్లకు ఒక పని చెబుతాను. మీ ఊరి నుంచి రోడ్డు దాకా డోలీ వెళ్లే బాట మీద పిల్లలతో తాడు పట్టించి దూరం కొలిపించండి. మోసేవాళ్లను అడిగి, ఎక్కడెక్కడ భుజాలు మారుస్తారో ఆ చోట్లు గుర్తు పెట్టించి, పటం గీయించండి. ఎంత వాలుతో దారి తిప్పితే అంబులెన్సు ఎక్కగలదో పెద్ద తరగతి పిల్లలు లెక్క వెయ్యగలరు. 1996 పెసా చట్టం మన గ్రామసభకు కొంత బలం ఇచ్చింది. రోడ్డు కోసం గ్రామసభ తీర్మానం రాసినప్పుడు ఆ పటం కూడా దానికి జత చెయ్యండి.