ఇనుప తారాజువ్వ



గడచిన వేసవి సెలవులలో మా మనుమడు మైదుకూరికి వచ్చి, వచ్చిన మూడవ నాడే నన్నొక వింత కోరిక కోరెను. "అబ్బా, తాగి పారేసిన ప్లాస్టిక్ సీసా ఒకటీ, నీ సైకిలు పంపూ నాకు కావల్ల" అనెను. ఎందులకని యడుగగా రాకెట్టు చేయుదునని చెప్పెను. వాని జేజి నవ్వి, "రాకెట్లు శ్రీహరికోటలో చేస్తారు గానీ మన పశువుల కొట్టంలోనా?" అనెను. నేను మాత్రము నవ్వలేదు. మన యూరినుండి కర్నూలునకు పోవు బాట దువ్వూరు మీదుగా పోవును. ఆ దువ్వూరు చెంతనే 1779వ సంవత్సరమున హైదరాలీ సేనలు కడప నవాబగు అబ్దుల్ హలీంఖానుని సేనల నోడించినవి. ఆ హైదరాలీ కొలువులోనే ఇనుప గొట్టపు రాకెట్టు గొప్ప యుద్ధసాధనమై లోకప్రసిద్ధి గాంచినది. కావున ఆ పసివాని కోరికకును, మన సీమ చరిత్రకును గల చుట్టరికమును నేడు మీకు మనవి చేయదలచితిని.

ముందుగా నా బాల్యమున జరిగిన దొకటి చెప్పెదను. ఒక దీపావళినాడు నా చేతిలోని తారాజువ్వ పుల్ల సగమునకు విరిగినది. పుల్లతో పనియేమి, మందు చెడలేదు గదాయని తలచి, ఆ పొట్టి పుల్లతోనే నిప్పంటించితిని. అది రెండు నిలువుల యెత్తు లేచి, పిచ్చిపట్టినదానివలె గిరగిర తిరిగి, మా గడ్డివామిపై బడినది. నీళ్లకుండలతో ఇరుగుపొరుగువారు పరుగున రాకున్నచో ఆ యేటి మేత అంతయు బూడిద యయ్యెడిది. నాకు దెబ్బలు తగిలినవి గాని, పుల్ల యెందుకు కావలెనో యెవ్వరును చెప్పలేదు. అది తెలియుటకు నాకు నలువది యేండ్లు పట్టినది.

తారాజువ్వలో బరువంతయు ముందుండును. పొడవైన తోక వెనుకనుండి గాలికి అడ్డముగా నిలుచును. మొగము పక్కకు తిరుగబోయినచో గాలి ఆ తోకను నెట్టి మరల త్రోవకు తెచ్చును. విలుకాని బాణమునకు వెనుక ఈకలు కట్టుటయు నిందుకే. పుల్ల పొట్టియైనచో త్రోవ చూపువా రుండరు.

ఇక పైకి లేచుట యెట్లు? ఎడ్లను విప్పిన బండి మీదినుండి ఒకడు ముందునకు దుమికినచో బండి వెనుకకు జరుగును. గొట్టములోని మందు మండి, పొగ క్రిందికి దుముకును. గొట్టము పైకి జరుగును. ఈ ధర్మమును న్యూటను అను నాంగ్ల పండితుడు 1687లో సూత్రముగా వ్రాసెను. ఆ సూత్రమెఱుగకయే మన దేశమువారు అంతకు మునుపే తారాజువ్వల నెగురవేయుచుండిరి. 1443లో విజయనగరమునకు వచ్చిన అబ్దుల్ రజాకు అను పారశీక రాయబారి మహానవమి యుత్సవములలోని బాణసంచా వేడుకలను చూచి వ్రాసియుంచెను. ఉదయగిరి దుర్గమునకై శ్రీకృష్ణదేవరాయలతో పోరాడిన ప్రతాపరుద్ర గజపతి పేర వెలసిన కౌతుకచింతామణి యను సంస్కృత గ్రంథమున బాణసంచా మందుల పాళ్లు చెప్పబడినవి.

అయితే ఆ వేడుకల జువ్వలకు గొట్టము కాగితముతోనో వెదురుతోనో చేయుదురు. మందును గట్టిగా దట్టించినచో అట్టి గొట్టము పగులును; వదులుగా పోసినచో దూరము పోదు. ఇక్కడనే మైసూరు రాజ్యపు కమ్మరుల నేర్పు కానవచ్చును. వారు మెత్తని యినుమును రేకుగా సాగగొట్టి గొట్టముగా చుట్టిరి. కొలిమి తిత్తి ముక్కు సన్ననిదగుటచేతనే గాలి వడిగా వచ్చును గదా! అట్లే బలమైన గొట్టములో దట్టించిన మందు మండినపుడు, ఇరుకు కంతగుండా పొగ మహావేగముతో వెలువడును. కాగితము తాళలేని యొత్తిడిని ఇనుము తాళును. మార్చినది గొట్టమొక్కటే, వేడుక వస్తువు ఆయుధమైనది.

ఆ బాణముల కొలతలు చరిత్రకారులు వ్రాసియున్నారు. గొట్టము సుమారు 8 అంగుళముల పొడవు, ఒకటిన్నర మొదలు 3 అంగుళముల వఱకు అడ్డుకొలత కలది. దానిని సుమారు 4 అడుగుల వెదురు కఱ్ఱకు తోలు వారులతో బిగించి కట్టెడివారు. కొన్నిటికి కఱ్ఱకు మారుగా కత్తినే కట్టెడివారు. అది వేయి గజములు, కొన్ని అంతకు మించియు పోయెడివి. గొట్టపు లావును, శత్రువున్న దూరమును బట్టి ఎంత వాలుగా నిలిపి వదలవలెనో బాణగాండ్రకు ప్రత్యేకముగా నేర్పుచుండిరి. హైదరాలీ తండ్రి ఫతే మహమ్మదు ఆర్కాటు నవాబు కొలువులో ఏబదిమంది బాణగాండ్రకు నాయకుడుగా నుండెనని చెప్పుదురు. కావున హైదరుకు ఈ విద్య యింటి విద్యయే. అతని కుమారుడు టిప్పుసుల్తాను దళమునకు రెండు వందల మంది చొప్పున బాణగాండ్రను నియమించెను. బెంగుళూరులో తారామండలపేట యను పేరు ఆనాటి బాణముల కార్ఖానాకు జ్ఞాపకచిహ్నమని పెద్దలందురు.

1780 సెప్టెంబరు 10వ తేదీన కంచికి సమీపమున పొల్లిలూరు వద్ద కర్నలు బెయిలీ నడపిన ఆంగ్ల సేన హైదరు చేతిలో నాశనమైనది. ఆ సేనయొక్క మందు బండ్లు పేలిపోవుటయే అపజయమునకు ముఖ్య కారణములలో నొకటి. వానికి బాణములు తగిలినవని కొందఱు, ఫిరంగి గుండ్లు తగిలినవని కొందఱు వ్రాసిరి. శ్రీరంగపట్టణములోని దరియాదౌలతు మేడ గోడమీద ఆ యుద్ధము చిత్రింపబడియున్నది. బండ్లు పేలుటయు నందు చూడవచ్చును. 1799 ఏప్రిలు 5వ తేదీ రాత్రి శ్రీరంగపట్టణము చెంత సుల్తానుపేట తోపులో కర్నలు వెల్లస్లీ తన పటాలముతో చీకటిలో చిక్కి, బాణముల చేతను తుపాకుల చేతను కలవరపడి వెనుదిరిగెను. తరువాత 1815లో వాటర్లూ యొద్ద నెపోలియను నోడించిన వెల్లింగ్టను ప్రభువీతడే.

కాని వెనుదిరిగినవాడు మరునాడు మరల వచ్చి ఆ తోపును పట్టుకొనెను. మే 4వ తేదీన కోట పడినది, టిప్పు మరణించెను. మన కడప సీమ అప్పటికే 1792 సంధివలన నైజాము పాలైయుండెను. 1800లో దత్తమండలములలో నొకటియై ఆంగ్ల కుంపిణీ చేతికి పోయినది. ఇరువదియొక్క సంవత్సరములలో మన యూరు ముగ్గురు ప్రభువులకు పన్ను కట్టినది.

ఓడినవారి బాణములేమైనవి? కొన్ని ఓడలమీద ఇంగ్లాండునకు పోయినవి. అక్కడ ఊలిచ్ అను చోట రాజకీయ ఆయుధశాలలో విలియం కాంగ్రీవు అనువాడు 1804వ సంవత్సర ప్రాంతమున పని ప్రారంభించెను. అతడు మందు పాళ్లను మార్చి మార్చి తూచెను. గొట్టమును, కఱ్ఱను పెంచి పెంచి కొలిచెను. ప్రతి పరీక్షకు ఫలితము చూచెను. తన పనిని గూర్చి పుస్తకములు అచ్చొత్తించెను. అతని బాణములలో నొకటి మూడున్నర అడుగుల గొట్టమును, 15 అడుగుల కఱ్ఱయును కలిగి సుమారు 3000 గజములు పోయెడిది. 1806లో బులోను రేవుపైనను, 1807లో కోపెన్‌హేగను నగరముపైనను, 1814లో అమెరికాలోని బాల్టిమోరు చెంత కోటపైనను ఆ బాణములు కురిసినవి. ఆ కోటపై రేగిన ఎఱ్ఱని వెలుగు అమెరికావారి జాతీయగీతములో నేటికిని ప్రస్తావింపబడుచున్నది.

మన విద్యను దొంగిలించిరని కొందఱు కోపింతురు. ఆ కోపమున కొంత న్యాయము కలదు. అయినను నిష్పక్షపాతముగా చూడవలెను. బీజము మనది, దానిని తూచి, కొలిచి, వ్రాసి పెంచిన శ్రమ వారిది. కార్ఖానాలు రాజ్యముతోపాటు మూతపడినపుడు కమ్మరి చేతిలోని విద్య కమ్మరితోనే కాటికి పోయినది. నేను చదివిన పుస్తకములలో కాంగ్రీవు పేరు పుటపుటకును కలదు. మొదటి గొట్టమును చుట్టిన కమ్మరి పేరొక్కటియు నాకు కానరాలేదు.

2018లో మైసూరు దేశపు శివమొగ్గ మండలములో నగర అను గ్రామమున ఒక పాడుబావిని త్రవ్వగా వేయికి మించిన బాణపు గొట్టములు బయటపడినవి. అవి టిప్పు కాలమువని పురావస్తు శాఖవారు తెలిపిరి. త్రుప్పు పట్టిన ఆ గొట్టములు మనకు మిగిలినవి గాని, వాని చేయువిధము చెప్పు నోరు మిగులలేదు. దానిని మరల చదివి చెప్పుటకు శాస్త్రజ్ఞులు పూనుకొనవలసి వచ్చినది. రొద్దం నరసింహగారు మైసూరు, బ్రిటను దేశముల రాకెట్టుల చరిత్రను 1985లో ప్రకటించిరి. రొద్దం అనునది అనంతపురము సీమలోని యొక యూరి పేరుగూడ.

ఇక ఈ విద్య మరల మన గడ్డకు వచ్చిన తీరు వినుడు. 1926 మార్చి 16వ తేదీన అమెరికాలో గొడార్డు అను పండితుడు ద్రవపు ఇంధనముతో నడచు మొదటి రాకెట్టును ఒక పొలములో నెగురవేసెను. అది లేచినది 41 అడుగులు మాత్రమే. రెండున్నర క్షణములలో నేలబడినది. దానిని చూచి అతడు సిగ్గుపడలేదు; ఎత్తును, దూరమును, కాలమును కొలిచి వ్రాసికొనెను. మన దేశమున 1963 నవంబరు 21వ తేదీన కేరళలోని తుంబా నుండి మొదటి రాకెట్టు లేచినది. 1971 అక్టోబరు 9వ తేదీన సూళ్లూరుపేట చెంతనున్న శ్రీహరికోటనుండి రోహిణి యను చిన్న రాకెట్టు లేచినది. అదే శ్రీహరికోటనుండి 1979 ఆగస్టు 10వ తేదీన వదలిన ఎస్.ఎల్.వి. రాకెట్టు సముద్రములో కూలినది. శాస్త్రజ్ఞులు కూర్చుండి, కాగితములు ముందు వేసికొని, రెండవ అంచెలో ఒక కవాటము చెడి ఆమ్లము కారిపోయినదని కనిపెట్టిరి. 1980 జూలై 18వ తేదీన అట్టిదే మరల లేచి 35 కిలోల రోహిణి ఉపగ్రహమును భూమిచుట్టు తిరుగునట్లు నిలిపినది. తప్పు జరిగిన చోటు వ్రాతలో దొరకినది గనుక దిద్దుట సాధ్యమైనది. 2023 జూలై 14వ తేదీన చంద్రునికై బయలుదేరిన చంద్రయానము గూడ ఆ తీరమునుండియే పోయినది.

మరల మా పశువుల కొట్టమునకు వచ్చెదను. మందు జోలికి పోరాదని, ఇనుప గొట్టమున మందు దట్టించుట ప్రాణాపాయమని మనుమనికి ముందే చెప్పితిని. వాడు చేసినది నీటి రాకెట్టు. సీసాలో మూడవ వంతు నీరు పోసి, బిరడా బిగించి, బిరడాలోని సూదిగుండా సైకిలు పంపుతో గాలి కొట్టెను. బిరడా తోసికొనిపోయి నీరు క్రిందికి చిమ్మెను. సీసా పైకి లేచి, నా చిన్ననాటి తారాజువ్వ వలెనే గిరగిర తిరిగి ఎద్దు వీపుమీద పడెను. వాని జేజి కేకలు వేసెను. వాడు మాత్రము కోడుబళ్లు చెక్కుకొనుచు మూలకు పోయి, ఒక చిన్న పుస్తకములో ఏదో వ్రాసికొనెను.

ఆ తరువాత అట్టముక్కలు కత్తిరించి సీసా వెనుకభాగమున మూడు రెక్కలంటించెను. సీసా నడుమ సమతూకము నిలుచు చోట దారము కట్టి తలచుట్టు త్రిప్పెను. తోక ముందుగా వచ్చెను. మొగమున చారెడు జిగురుమన్ను మెత్తి మరల త్రిప్పగా మొగము ముందుగా వచ్చెను. "అబ్బా, ఇంక ఇది దావ తప్పదు" అనెను. నిజముగానే సీసా ఈసారి నిలువునా వేపచెట్టు కొనను దాటి లేచినది. నాకు నలువది యేండ్లు పట్టిన పాఠము వానికి రెండు దినములలో పట్టుపడినది.

వాడు నిద్రించిన పిమ్మట ఆ పుస్తకమును తెఱచి చూచితిని. ఎన్ని గ్లాసుల నీరు, ఎన్ని పంపు దెబ్బలు, ఎటు వంగినది, ఎక్కడ పడినది, అన్నియు వంకర అక్షరములతో వ్రాసియున్నవి. ఎద్దు బెదిరినదని గూడ వ్రాసినాడు. ఆ రాత్రి నాకు నగర గ్రామపు పాడుబావి జ్ఞాపకమునకు వచ్చినది.

పెద్దలారా! మనలో ఒక్కొక్కరి చేతిలోను ఒక్కొక్క విద్య కలదు. నేలను చూచి నీటిజాడ చెప్పువారున్నారు. పసుపును ఉడుకబెట్టుటలో పదును తెలిసినవారున్నారు. బండిచక్రమునకు పట్టా వేయుటలో వేడి యెంతయో కంటితో చూచి చెప్పువారున్నారు. అవి చిన్న విద్యలని తలపకుడు. తారాజువ్వయు ఒకనాడు చిన్న విద్యయే. మీ యింట చదువు వచ్చిన పిల్లవాని నొకని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, మీ రెఱిగినది కొలతలతో సహా వ్రాయించుడు. చేసిన తప్పులను గూడ దాచక వ్రాయించుడు. నేను నా పనికి మా మనుమని పుస్తకములో మిగిలిన కాగితములనే పుచ్చుకొంటిని. మొదటి పుటలో విరిగిన పుల్లయు, గడ్డివామియు వ్రాసితిని.