ఓమ్ మొదట తప్పు నియమం ప్రకటించాడు

ఇవాళ్టి ఎపిసోడ్ ఓమ్ నియమం గురించి. వోల్టేజీ ఎంత పెంచితే కరెంటు అంత పెరుగుతుంది, గ్రాఫ్ గీస్తే తిన్నటి గీత వస్తుంది. ఇది అందరం చదువుకున్నదే. కానీ దీని వెనక కథ అంత తిన్నగా లేదు.

ముందు నా సంగతి ఒకటి చెప్పేస్తాను. ఇంటర్‌లో ఈ ప్రయోగం చేసినప్పుడు మా బ్యాచ్‌కి రెసిస్టెన్స్ కాయిల్ అందలేదు, ఒక టార్చ్ బల్బు ఇచ్చారు. రీడింగులు జాగ్రత్తగానే తీసుకున్నాను. గ్రాఫ్ మాత్రం పైకి పోతూ పోతూ వంగిపోయింది! "తిన్నగా రావాలి, మళ్ళీ వేసుకురా" అన్నారు. మళ్ళీ ప్రయోగం చెయ్యలేదండీ, అంకెలు మార్చి రాసుకెళ్ళాను. మార్కులు పడ్డాయి.

ఇప్పుడు ఓమ్ దగ్గరికి వద్దాం. జార్జ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుకులకీ నేర్పాడు. ఓమ్ 1817 నుంచి కొలోన్‌లో ఒక హైస్కూల్లో పాఠాలు చెబుతూ, అక్కడి ల్యాబ్‌లోనే ప్రయోగాలు చేసేవాడు.

1825లో ఆయన వోల్టా బ్యాటరీకి రకరకాల పొడవున్న తీగలు కలిపి చూశాడు. ఆ రోజుల్లో బ్యాటరీ ఎలా ఉండేదంటే, కలపగానే కరెంటు ఒక్కసారి ఎగసి, తర్వాత నీరసించిపోయేది. కొలిచే లోపే వోల్టేజీ మారిపోయేది. ఆ అంకెల నుంచి ఆయన ఒక లాగరిథమ్ సూత్రం తీసి అచ్చు వేయించాడు. అది తప్పు.

అప్పుడు పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్ ఒక సలహా ఇచ్చాడు: బ్యాటరీ వదిలెయ్, థర్మోకపుల్ వాడు. రెండు వేరు వేరు లోహాలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, రెండోదాన్ని చల్లగా ఉంచితే కరెంటు పుడుతుందని సీబెక్ 1821లోనే గమనించాడు. ఓమ్ బిస్మత్, రాగి తీసుకున్నాడు. ఒక అతుకు మరిగే నీళ్ళలో, రెండోది కరిగే మంచులో. నీళ్ళు మరుగుతున్నంతసేపు వేడి మారదు, మంచు కరుగుతున్నంతసేపు చల్లదనం మారదు. అంటే వోల్టేజీ కదలదు. నన్నడిగితే అసలు తెలివంతా ఇక్కడే ఉంది.

ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు, సుమారు 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా. కరెంటు ఎంతుందో ఒక అయస్కాంత సూదితో కొలిచాడు. 1826 జనవరిలో తీసిన రీడింగులు చూడండి: 2 అంగుళాల తీగకు దాదాపు 327, 4 అంగుళాలకు 301, 130 అంగుళాలకు 48.5. పొడవు రెట్టింపయితే కరెంటు సగం కావాలి కదా? కాలేదు. ఆయన ఆ అంకెల్ని సవరించలేదు. తీగ పొడవుకి 20.25 కలిపి చూస్తే లెక్క సరిపోయింది! 22.25, 24.25, 150.25, వీటితో 7285ని భాగించి చూడండి, ఆ రీడింగులే వస్తాయి. ఆ 20.25 ఏమిటంటే, తీగ కాకుండా మిగతా సర్క్యూట్‌కి, అంటే థర్మోకపుల్‌తో సహా, ఉన్న నిరోధం. మన పుస్తకాల్లో ఇంటర్నల్ రెసిస్టెన్స్ అని చివర్లో చిన్న పేరాగా వచ్చేది, ఓమ్ రాసిన సూత్రంలో మొదటినుంచీ ఉంది.

1827లో పుస్తకం వేశాడు. చాలామంది పట్టించుకోలేదు, కొందరు వెక్కిరించారు. కొలోన్ ఉద్యోగం వదులుకున్నాడు. 1833లో నూరెంబర్గ్‌లో మళ్ళీ స్థిరమైన పని దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. మ్యూనిక్‌లో ప్రొఫెసర్ అయ్యేసరికి 1852, ఇంకో రెండేళ్ళకే పోయాడు.

మరి నా బల్బు సంగతి? ఫిలమెంట్ వేడెక్కేకొద్దీ దాని నిరోధం చాలా రెట్లు పెరుగుతుంది, అందుకే వోల్టేజీ పెంచినంతగా కరెంటు పెరగదు, గీత వంగుతుంది. రాగి తీగ వేడెక్కనంతవరకే తిన్నగా ఉంటుంది. నా గ్రాఫ్ సరైనదేనండీ, నేను చెరిపేశాను.

ఇంతకంటే వింత గీత 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్‌కి కనబడింది. సీసపు ఖనిజం గెలీనా మీద సన్నటి తీగ ఆనించి కరెంటు పంపితే ఒక వైపు బాగా పోతోంది, రెండో వైపు సరిగ్గా పోవడం లేదు. ఆయన అది ఉన్నదున్నట్టే రాసి ప్రకటించాడు. మీ ఫోన్ ఛార్జర్‌లో ఉండే డయోడ్‌కి పూర్వీకుడు అదే. దాని కథ వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.