ఎడారిలో గీత

సౌదీ అరేబియా మ్యాపు ఒకసారి చూడండి. ఉత్తరం వైపు సరిహద్దు చాలా చోట్ల స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. మన పాత హైదరాబాదు సంస్థానం అలా కాదు. దక్షిణాన కృష్ణా, తుంగభద్ర, ఉత్తరాన పెన్‌గంగ. ఏరు దాటితే వేరే పాలన, అంతే.

సౌదీకి ఆ వీల్లేదు. సుమారు 21.5 లక్షల చదరపు కిలోమీటర్ల దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. దక్షిణాన రుబ్ అల్ ఖాలీ ఇసుక ఎడారి యెమెన్, ఒమన్, ఎమిరేట్స్‌లోకి కూడా పాకింది. మరి హద్దురాయి ఎక్కడ పాతాలి?

అక్కడి సంచార తెగలకి కావాల్సింది బావి, మేత. వాన పడ్డ చోటికి ఒంటెల్ని తోలుకెళ్తారు. 1922 చివర్లో ఉఖైర్ రేవులో చర్చలు జరిగినప్పుడు ఇబ్న్ సౌద్ వాదనా అదే: గీతలు కాదు, తెగల్ని బట్టి తేల్చండి అని. బ్రిటిష్ అధికారి పెర్సీ కాక్స్ వినలేదు. ఎర్ర పెన్సిల్‌తో మ్యాపు మీద గీసేశాడు. కువైట్ తనదన్న నేలలో చాలా భాగం ఇబ్న్ సౌద్‌కి పోయింది. కువైట్ పాలకుడు ఆ చర్చల్లో లేనే లేడు!

అయితే ఒక మంచి పని కూడా జరిగింది. ఇరాక్ వైపు ఒకటి, కువైట్ వైపు ఒకటి, రెండు తటస్థ మండలాలు వదిలారు. మేతకీ నీళ్ళకీ ఇటువాళ్ళూ అటువాళ్ళూ రావచ్చు. 1953లో కువైట్ వైపు మండలంలో, వఫ్రా దగ్గర చమురు పడింది. ఇంకేముంది, 1965లో పంపకాల ఒప్పందం. నేల రెండు ముక్కలైంది, చమురు మాత్రం చెరిసగం. ఒమన్‌తో హద్దు 1990లో, యెమెన్‌తో 2000లో గానీ తేలలేదు.

నాకు అర్థమైంది ఒకటే. సరిహద్దు అంటే నేల మీద గీత కాదు, దేని మీద ఎవరికి హక్కు అన్న లెక్క.

ఇదంతా మనకెందుకంటారా? కాచిగూడలో మన్మాడ్ వైపు రైలెక్కితే నాందేడ్, జాల్నా దాకా ఒకప్పుడు ఒకే సంస్థానం. 1956 నవంబర్ 1న దాన్ని భాషల వారీగా మూడు రాష్ట్రాలకి పంచేశారు. కానీ మక్కాలో నిజాంల కాలం నుంచీ వస్తున్న రుబాత్ అనే యాత్రికుల సత్రం ఉంది. అక్కడ ఉచిత బసకి అర్హులు పాత సంస్థానం పరిధిలోని వాళ్ళే: తెలంగాణ, మరాఠ్వాడా, బీదర్-గుల్బర్గా ప్రాంతం. ఇక్కడి మ్యాపులోంచి చెరిపేసిన హద్దు అక్కడ ఎడారి దేశంలో ఇంకా పని చేస్తోందన్నమాట. హక్కు మిగిలుంటే హద్దు కూడా మిగిలే ఉంటుంది. ఏమంటారు?