ద్రాక్షారామ శాసనాలలో స్త్రీల చిత్తరువు

పందొమ్మిదో శతాబ్దపు ఆస్ట్రేలియాలో, ఫొటో తీయించుకోవడం ఇంకా చవక కాని రోజులలో, కలిగిన కుటుంబాలు ఇంటి ఇల్లాలిని కుర్చీలో కూర్చోబెట్టి ఆమె తైలవర్ణ చిత్తరువును, అంటే నూనెలో నూరిన రంగులతో వేసే రూపచిత్రాన్ని, గీయించుకునేవి. 1839లో సిడ్నీ చేరి 1842లోనే కన్నుమూసిన వైద్యుడు మారిస్ ఫెల్టన్ అటువంటివి వేసినవారిలో ఒకడు. ఇక్కడ గోదావరి సీమలో చిత్రకళకు పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు, బొంబాయి జె.జె. కళాశాలలో చదివి రాజమహేంద్రవరం తిరిగివచ్చిన దామెర్ల రామారావు (1897–1925).

అయితే ఒక స్త్రీని తరతరాలు గుర్తుంచుకునే ఏర్పాటు ఈ సీమలో అంతకు ఎన్నో శతాబ్దాల ముందే ఉంది; దానికి సాధనం రంగు కాదు, రాతిమీది అక్షరం. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు గోడలపైనా స్తంభాలపైనా చెక్కిన వందలాది శాసనాలు 1923లో వెలువడిన దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. వాటిలో రాణులు, రాజోద్యోగుల భార్యలు, దేవుని కొలువులో ఉండే గుడిసానులు దాతలుగా కనిపిస్తారు. శకసంవత్సరం, తరచుగా ఉత్తరాయణ సంక్రాంతి, తరువాత ఆమె పేరు, ఆమె ఎవరి భార్యో ఎవరి కూతురో, చివరకు ఆమె పెట్టిన అఖండ దీపం: ఇదే ఆ చిత్తరువు. మేనిఛాయ, నగలు, చీర అంచు అందులో ఉండవు.

ఆ దీపం ఆరకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు మాత్రం ఎంతో నేర్పుగలది. దాత సాధారణంగా యాభై 'ఇనుప ఎడ్లు' ఇచ్చేది. ఇవి గొర్రెలని, చచ్చినవాటి స్థానాన్ని పుట్టినవి నింపుతూ మంద ఎన్నటికీ తరగకూడదు గనుక ఇనుముతో పోల్చారని పండితులు వివరిస్తారు. మందను ఒక బోయకు, అంటే పశువులను కాచేవాడికి, అప్పగిస్తే అతడు, అతని కొడుకులు, మనుమలు రోజూ మానెడు నెయ్యి గుడికి పోయాలి. మానెడంటే ఒక మానిక పట్టేటంత. దానం ఒక్కనాటిది, నెయ్యి మాత్రం ఏనాటికానాడు రావలసినది.

తైలచిత్రాలలో ముఖం నిలిచి పేరు పోయినవి చాలా ఉన్నాయి. గుర్తు తెలియని స్త్రీ అన్న చీటీతో అవి మ్యూజియం గోడలపై వేలాడుతుంటాయి. ద్రాక్షారామంలో పోయింది ముఖం. పేరు నిలిచింది, దానితోపాటు ఆ మందను కాచిన బోయ పేరు కూడా అదే రాతిమీద, అంతే పరిమాణపు అక్షరాలలో నిలిచింది.