తుఫానులో పాడినవారు



మెదక్ చర్చి చూడనివారు మనలో తక్కువ. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన ఆ దేవాలయాన్ని కట్టించినవారు వెస్లియన్ మిషనరీ పాస్నెట్ దొరగారు. వెస్లియన్ అనే మాట జాన్ వెస్లీ అనే ఇంగ్లాండు దైవజనుని పేరునుండి వచ్చిందని కూడా చాలామందికి తెలుసు. అయితే ఆ వెస్లీగారు ఒకప్పుడు తానే మిషనరీగా సముద్రం దాటి వెళ్ళి, ఓడిపోయి తిరిగొచ్చారని, వెళ్ళినప్పుడు ఆయనకు మరణభయం పోలేదని మన సంఘాల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు. పెద్దవారి విజయాలే చెబుతాం కదా. ఈ వారం ఆయన ఓటమి సంగతి చెబుతాను.

1735లో వెస్లీగారికి 32 ఏళ్ళు. ఆక్స్‌ఫర్డులో లింకన్ కాలేజీ ఫెలో, అభిషేకం పొందిన గురువు. తండ్రి శామ్యూల్ వెస్లీ ఆ సంవత్సరమే ఏప్రిల్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆక్స్‌ఫర్డులో ఆయన, తమ్ముడు చార్లెస్, కొందరు స్నేహితులు కలిసి ఉపవాసాలు చేసేవారు, చెరసాలలకు వెళ్ళేవారు, బీదలకు పంచేవారు. అంత పద్ధతిగా ఉండేవారు కాబట్టే ‘మెథడిస్టులు’ అని జనం ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి పేరే తరువాత సంఘం పేరైంది.

అప్పుడు ఓగిల్‌తోర్ప్ అనే అధికారి అమెరికాలో జార్జియా అనే కొత్త కాలనీ నడుపుతున్నాడు. మన ఊళ్ళ పిల్లలు ఉద్యోగాలకని వెళ్ళే అట్లాంటా ఉన్నది ఆ రాష్ట్రంలోనే. అక్కడి ఆదివాసులకు సువార్త చెప్పడానికి వెస్లీగారు ఒప్పుకున్నారు. బయలుదేరే ముందు ఒక ఉత్తరంలో తన ఉద్దేశం దాచకుండా రాశారు. నా ఆత్మను రక్షించుకోవాలనే ఆశతోనే ప్రధానంగా వెళ్తున్నాను, అన్యజనులకు ప్రకటిస్తూ ప్రకటిస్తూ సువార్త అసలు అర్థం నేను నేర్చుకుంటాను అని ఆ ఉత్తరం సారాంశం. సేవకు వెళ్ళేవారు ఇంత నిజాయితీగా రాసిన ఉత్తరం నేను మరొకటి చదవలేదు.

అక్టోబరులో గ్రేవ్‌సెండ్ రేవులో ‘సిమ్మండ్స్’ అనే ఓడ ఎక్కారు. అనుకూలమైన గాలి లేక ఇంగ్లాండు తీరం విడిచేసరికి డిసెంబరు అయింది. ఓడలో కూడా నియమాలు తప్పలేదు. తెల్లవారుజామున 4 గంటలకు లేచి ఏకాంత ప్రార్థన, తరువాత బైబిలు పఠనం. మాంసం, ద్రాక్షారసం మానేసి ఎక్కువగా అన్నం, బిస్కెట్లతో సరిపెట్టుకున్నారు. (అన్నం తినడం ఉపవాసంలో లెక్క అయితే మన ఊరంతా పరిశుద్ధులమే!)

ఆ ఓడలోనే 26 మంది జర్మన్లు ఉన్నారు. వీరు మొరేవియన్లు. 1415లో కాల్చి చంపబడిన యాన్ హుస్ అనుచరుల వంశంవారు కొందరు హింస భరించలేక మొరేవియా విడిచి, 1722లో జర్మనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు భూమిలో హెర్న్‌హుట్ అనే ఊరు కట్టుకున్నారు. వారినుండి పుట్టిన సంఘం ఇది. ఓడలో వారికి పెద్ద బిషప్ డేవిడ్ నిచ్‌మన్. బిషప్ అనగానే గొప్ప చదువు, గొప్ప వస్త్రాలు అనుకుంటాం. ఈయన వృత్తికి వడ్రంగి. 1732లో లెనార్డ్ డోబర్ అనే కుమ్మరితో కలిసి కరీబియన్ ద్వీపమైన సెయింట్ థామస్‌కు, బానిసల మధ్యకు వెళ్ళివచ్చిన మనిషి.

వారితో మాట్లాడాలని వెస్లీగారు ఓడలోనే జర్మన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టారు. సాయంత్రం 7 గంటలకు వారి ఆరాధనలో కూర్చునేవారు. అయితే ఆరాధనకంటె ముందు ఆయన కంట పడింది వారి పనితనం. ఇంగ్లీషువారెవరూ ముట్టని తక్కువ పనులు తోటి ప్రయాణికుల కోసం వారు చేసేవారు. కూలి ఇస్తే తీసుకునేవారు కాదు. ఎవరైనా నెట్టినా, కొట్టినా, పడదోసినా, లేచి పక్కకు వెళ్ళిపోయేవారు తప్ప ఫిర్యాదు చేసేవారు కాదు. ఇదంతా వెస్లీగారు తన దినచర్య పుస్తకంలో గమనించి రాశారు. గమనించినా, మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది: వీరికి గర్వం, కోపం లేవు సరే, మరి భయం?

1736 జనవరిలో వరుసగా తుఫానులు వచ్చాయి. రెండు రోజుల ముందు తుఫానులోనే వెస్లీగారు, చావడానికి ఇష్టపడని నాకు విశ్వాసం ఎక్కడిదని తనను తాను ప్రశ్నించుకున్నారు. జనవరి 25 ఆదివారం సాయంత్రం జర్మన్లు ఆరాధన మొదలుపెట్టి కీర్తన పాడుతున్నారు. పెద్ద అల వచ్చి ఓడను ముంచేసింది. ప్రధాన తెరచాప ముక్కలైంది. నీళ్ళు పై అంతస్తు నుండి కింది అంతస్తులోకి దిగాయి. ఇంగ్లీషువారు కేకలు వేశారు. జర్మన్లు తలెత్తి చూసి, పాట ఆపకుండా పాడారు. తరువాత వెస్లీగారు వారిలో ఒకరి దగ్గరకు వెళ్ళి, భయం వేయలేదా అని అడిగారు. దేవునికి స్తోత్రం, లేదన్నాడు. మరి మీ ఆడవారు, పిల్లలు? మా ఆడవారికి, పిల్లలకు కూడా చావంటే భయం లేదన్నాడు.

ఆ జవాబిచ్చినవాని పేరు వెస్లీగారు రాయలేదు.

నేనిక్కడ నా మాట ఒకటి చెప్పాలి. 2021 వేసవిలో కరోనాతో మా చుట్టుపక్కల ఊళ్ళలో మరణాలు జరుగుతున్నప్పుడు నేను ఫోనులో ప్రార్థన చేశాను, ధైర్యవాక్యాలు పంపాను, సమాధుల తోటకు మాత్రం దూరంగా నిలబడ్డాను. ప్రతి ఆదివారం మందిరం ఊడ్చే ఒక పెద్దమ్మ, ఎవరూ పిలవకముందే వెళ్ళి, ఒక శవానికి స్నానం చేయించి వచ్చింది. “భయం వేయలేదా అమ్మా?” అని అడిగాను. “ఎందుకయ్యగారూ, ఆమె నాతో చానా ఏళ్ళు పత్తి ఏరింది” అంది. చావు సంగతి ఆమె ఎత్తనేలేదు. ఇరవై ఏళ్ళుగా బోధిస్తున్నవాడిని, ఆ రోజు ఆమె ముందు తల దించుకున్నాను. అందుకే ఈ చరిత్ర నాకు పుస్తకంలో సంగతిలా ఉండదు.

జార్జియాలో దిగగానే ఫిబ్రవరిలో మొరేవియన్ల కాపరి స్పాంగెన్‌బర్గ్‌ను వెస్లీగారు సలహా అడగబోయారు. ఆయనే ఎదురు ప్రశ్న వేశారు: యేసుక్రీస్తు నీకు తెలుసా? ఆయన లోకరక్షకుడని తెలుసు అన్నారు వెస్లీగారు. నిజమే, నిన్ను రక్షించాడని తెలుసా? నన్ను రక్షించడానికి చనిపోయాడని ఆశిస్తున్నాను అని జవాబు. చివరకు తెలుసు అనే అన్నారు గాని, అవి వట్టి మాటలేమోనని భయపడ్డానని రాసుకున్నారు.

తరువాతి రెండేళ్ళు త్వరగా చెబుతాను. ఆదివాసుల మధ్య సేవ దాదాపు సాగలేదు, సవన్నా పట్టణంలో తెల్లవారి సంఘానికే కాపరిగా ఉండవలసి వచ్చింది. అక్కడ సోఫీ హాప్కీ అనే యువతిని ఇష్టపడి, తేల్చుకోలేక ఊగిసలాడారు. ఆమె మరొకరిని పెళ్ళిచేసుకుంది. కొన్ని నెలలకు ఆయన ఆమెకు ప్రభుబల్ల నిరాకరించారు. క్రమశిక్షణ కోసమే అన్నారు గాని, దాన్ని ఊరు నమ్మలేదు, నాకూ పూర్తిగా నమ్మబుద్ధి కాదు. కేసు పడింది. 1737 డిసెంబరులో రాత్రివేళ ఊరు విడిచి వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో, ఇతరులను మార్చడానికి వెళ్ళిన నన్ను ఎవరు మారుస్తారని విలపించారు.

లండన్ చేరిన కొద్ది రోజులకే, 1738 ఫిబ్రవరి 7న, పీటర్ బోలర్ కలిశారు. ఈయనా మొరేవియనే, అమెరికా సేవకు వెళ్తూ దారిలో ఆగినవాడు. వయసు 25. నాకు విశ్వాసం లేదు, ప్రసంగించడం మానేయనా అని వెస్లీగారు అడిగితే, వద్దన్నాడు. దొరికేవరకు దాన్నే ప్రకటించు, దొరికాక దొరికింది కాబట్టి ప్రకటిస్తావు అన్నాడు.

అలా ఆయన మొదట విశ్వాసం ప్రకటించింది ఆక్స్‌ఫర్డు చెరసాలలో, మరణశిక్ష పడిన ఒక ఖైదీకి. అతనితో మాట్లాడమని బోలర్ ముందే చాలాసార్లు అడిగినా వెస్లీగారు వెళ్ళలేదు. చావు ముందు మారుమనస్సు సాధ్యం కాదని అప్పటివరకు గట్టిగా వాదించేవారు. మార్చి చివరలో మళ్ళీ వెళ్ళి అతనితో ప్రార్థించారు. బరువుతో మోకరించిన ఖైదీ కొంతసేపటికి లేచి, ఇప్పుడు చనిపోవడానికి సిద్ధంగా ఉన్నానన్నాడు. ఉరికంబం దగ్గర కూడా నెమ్మదిగానే ఉన్నాడు. లెక్క చూడండి: ప్రకటించినవానికి ఇంకా దొరకలేదు, విన్నవానికి దొరికింది.

వెస్లీగారికి దొరికింది మే 24న. ఆ సాయంత్రం ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక చిన్న కూటానికి ఏమాత్రం ఇష్టంలేకుండా వెళ్ళారు. అక్కడ ఎవరో రోమా పత్రికకు లూథర్ రాసిన పీఠిక చదువుతున్నారు. 9 గంటలకు పావుగంట ముందు, తన హృదయం వింతగా వెచ్చబడినట్లు ఆయనకు తోచింది. క్రీస్తు తన పాపాలను, తన పాపాలనే, తీసివేశాడని నిశ్చయత కలిగింది. స్పాంగెన్‌బర్గ్ ప్రశ్నకు రెండేళ్ళ తరువాత జవాబు అందింది. చదివినవారి పేరు ఇక్కడ కూడా ఆయన రాయలేదు.

మరో మాట దాచకూడదు. దశాబ్దాల తరువాత ఆ దినచర్యను మళ్ళీ అచ్చువేసినప్పుడు, అప్పట్లో తనకు విశ్వాసమే లేదన్న మాటలను ఆయనే కొంత సవరించారు. కుమారుని విశ్వాసం లేకపోయినా దాసుని విశ్వాసం ఉండేదని కింద రాశారు. నాకు ఆ సవరణ ఇష్టం. ఎండిన సంవత్సరాలలో చేసిన సేవను కూడా దేవుడు పారవేయలేదని ముసలితనంలో గ్రహించారనిపిస్తుంది. మొరేవియన్లతోనూ 1740 నాటికి బోధ విషయంలో విడిపోయారు.

అయితే 1738 వేసవిలో అదంతా ఇంకా జరగలేదు. జూన్‌లో బయలుదేరి, ఆ ఓడలో పాడినవారి ఊరు హెర్న్‌హుట్ చూడాలని జర్మనీ అంతా దాటి వెళ్ళారు. అక్కడ క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి ప్రసంగాలు నాలుగుసార్లు విన్నారు. ఆక్స్‌ఫర్డు ఫెలో ఆ సంఘస్థుల మధ్య కూర్చుని, వారు చెప్పిన సాక్ష్యాలను ఒక్కొక్కటిగా తన పుస్తకంలో రాసుకున్నారు. ఈసారి పేర్లతో సహా.