గంగ చెప్పే లెక్క వినేదెవరు?

1986 జూన్ 14న వారణాసిలో ప్రధాని రాజీవ్ గాంధీ గంగా కార్యాచరణ ప్రణాళికను ప్రారంభించారు. నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చి అప్పటికే పన్నెండేళ్లు. 1974 నాటి ఆ చట్టం కింద ఏర్పడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నదీజలాల నాణ్యతను కొలిచే బాధ్యతను స్వీకరించింది. కాలక్రమంలో ప్రమాణాలూ స్థిరపడ్డాయి. స్నానయోగ్యమైన నీటిలో లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి. మలసంబంధ కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 2,500 దాటరాదు.

అయితే నదిని శుద్ధి చేసేదీ, కొలిచేదీ, శుద్ధి అయిందని ప్రకటించేదీ ప్రభుత్వమే. ఈ ఏకస్వామ్యాన్ని వారణాసిలోనే వీరభద్ర మిశ్ర ప్రశ్నించారు. ఆయన సంకట్ మోచన్ ఆలయ మహంతు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో హైడ్రాలిక్ ఇంజినీరింగ్ ఆచార్యుడు. 1982లో ఆయన స్థాపించిన సంస్థ అనంతర కాలంలో తులసీఘాట్‌లో సొంత ప్రయోగశాల నెలకొల్పి ఘాట్‌ల వద్ద నీటిని పరీక్షించసాగింది. కరెంటు పోతే పంపులు ఆగి మురుగు నేరుగా గంగలో కలిసేది. కరెంటు ఉన్నా, ఎంచుకున్న శుద్ధి పద్ధతికి బ్యాక్టీరియాను తగినంతగా తొలగించే శక్తి లేదు. ప్రణాళిక సఫలమైందన్న ప్రకటనలకు ఆ ప్రయోగశాల అంకెలే జవాబయ్యాయి.

కాలుష్య నియంత్రణ మండలి తొలి సభ్య కార్యదర్శి జి.డి. అగర్వాల్ కథ మరింత విషాదకరం. గంగ నిరాటంకంగా ప్రవహించాలని కోరుతూ 111 రోజులు నిరాహార దీక్ష చేసి, 2018 అక్టోబరు 11న ఆయన కన్నుమూశారు. కొలిచే యంత్రాంగానికి పునాది వేసినవారికే, చివరకు నది పక్షాన చెప్పడానికి ప్రాణం తప్ప మరో సాధనం మిగలలేదు.

2025 ఫిబ్రవరిలో కుంభమేళా వేళ ప్రయాగ్‌రాజ్ నీటిలో కోలిఫాం పరిమితి దాటిందని అదే మండలి జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు నివేదించింది. ఆ నీరు ఆచమనానికీ పనికివస్తుందని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. కొద్ది రోజులకే మండలి, నమూనాల మధ్యస్థ విలువ ప్రకారం నీరు స్నానయోగ్యమేనని మరో నివేదిక సమర్పించింది. కానీ భక్తుడు మునిగేది మధ్యస్థ విలువలో కాదు, ఆనాటి నీటిలో.

మార్చి 3న దేశపు తొలి నదీ డాల్ఫిన్ల గణన విడుదలైంది: గంగా, బ్రహ్మపుత్ర, బియాస్ నదుల్లో 6,327. ఆ అంకెను అందరూ హర్షించారు. శాసనసభలో ఎవరూ తోసిపుచ్చలేదు. నలభై ఏళ్ల గంగ పర్యవేక్షణ చరిత్ర సారం ఇదే. కొలతలకు కొరత లేదు. ఇష్టం లేని అంకెను అంగీకరించే రాజకీయానికే కొరత.